పచ్చడిగల చోట్ల

ఎడిసన్, న్యూజెర్సీ,
డిసెంబర్ 29

చిన్నీ,

ఎలా ఉన్నావు? అక్కడ చలి మనకంటే ఎక్కువని మీ నాన్న రోజూ పొద్దున్నే ఫోన్‌లో చూసి చెప్తున్నారు. చెవులు కప్పుకుని వెళ్ళు.

థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు గిన్నెలు తుడుస్తూ ఒక మాట అడిగావు, గుర్తుందా? "ఇంకో ఇరవై ఏళ్ళకి మీ తెలుగు ఆరాధనకి ఎవరు మిగుల్తారమ్మా? అందరికీ ఇంగ్లీష్ వచ్చు కదా, ఆ హాలుకి అద్దె కట్టడం ఎందుకు?" అని. నేను "ముందు ఆ మూకుడు సరిగ్గా తోము" అని మాట దాటేశాను. నువ్వు అడిగినదే ఈ ఏడాదంతా నా కళ్ళముందు జరుగుతోంది. నోటితో చెప్పబోతే మధ్యలో "సరేలే అమ్మా" అంటావు. ఉత్తరంలో అయితే అనలేవు కదా. అందుకే తెలుగులో రాస్తున్నా. చదవడానికి టైం పడుతుంది, పట్టనీ. ఫోన్‌కి చూపించి ఇంగ్లీష్‌లోకి మార్చుకోకు.

మనకి హాలిచ్చిన హంగేరియన్ చర్చి సంగతి ఇది. నువ్వు ఆ చర్చికి రెండుసార్లో మూడుసార్లో వచ్చుంటావు. గోపురం మీద సిలువ ఉండదు, నక్షత్రం ఉంటుంది. మీ నాన్న మొదటిసారి చూసి ఇది చర్చేనా అని అనుమానపడ్డారు. వాళ్ళు ప్రొటెస్టెంట్లలో కాల్విన్ మార్గం వాళ్ళు, రిఫార్మ్‌డ్ అంటారు. సిలువ బదులు నక్షత్రమో కోడిపుంజో పెట్టుకోవడం వాళ్ళ పాత ఆనవాయితీ. లోపల ఒక్క పటం కూడా ఉండదు. తెల్లగోడలు, మధ్యలో బల్ల, దాని మీద ఎర్రదారంతో పువ్వులు కుట్టిన గుడ్డ. మన గుంటూరు లూథరన్ గుళ్ళకి అలవాటు పడ్డ కంటికి మొదట్లో బోసిగా కనిపించింది. ఇప్పుడు అదే బాగుంది.

వాళ్ళ ఆరాధన పొద్దున, మనది మధ్యాహ్నం. ఆరేళ్ళుగా వాళ్ళు వెళ్తుంటే మనం వస్తున్నాం. గుమ్మం దగ్గర ఎదురైతే వాళ్ళు "ఆల్దాష్, బేకెషేగ్" అంటారు. దీవెన, సమాధానం అని అర్థం. మనం "వందనాలు" అంటాం. అంతవరకే పరిచయం. వంటింట్లో పోపు వాసన గురించి ఒకసారి చీటీ అంటించారు, మనం కిటికీ తెరవడం మొదలుపెట్టాం, అక్కడితో సరి.

ఈ జనవరిలో ఆ కిటికీ దగ్గరే తగువొచ్చింది. కిటికీ నిలబడట్లేదని మనవాళ్ళలో ఒక అంకుల్ (పేరు రాయను, ఎవరో నీకు తెలుసు) వంటింటి సొరుగులో దొరికిన చెక్కముక్క ఒకటి అడ్డం పెట్టారు. అరచెయ్యంత చెక్క, దాని మీద దువ్వెన పళ్ళలాగా సన్నగా గీతలు. వారం తర్వాత చూస్తే మంచుకి తడిసి ఉబ్బిపోయి ఉంది. అది ఎవరి నాయనమ్మో వందేళ్ళ కిందట ఊరినుంచి మూటలో తెచ్చుకున్నదట. వాళ్ళ స్త్రీల సమాజం పెద్దావిడ మన పాస్టర్‌గారిని నిలబెట్టి కడిగేసింది. మర్నాడు క్షమాపణ చెప్పి రమ్మని నన్ను పంపారు. ఉత్త చేతుల్తో ఎందుకని పులిహోర పట్టుకెళ్ళాను.

ఆవిడ పులిహోర వైపు చూడలేదు. నన్ను కింద నుంచి మీద దాకా చూసి, కుర్చీ లాగి, చేతిలో చిన్న పుల్ల పెట్టి, "కూర్చో" అంది.

అలా మొదలైంది. ఆవిడని అందరూ నేని అంటారు. అక్కినేని, ఘట్టమనేనిలో నేని కాదు, వాళ్ళ భాషలో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళని అలా పిలుస్తారు, మనం పిన్నీ, అత్తయ్యా అన్నట్టు. మగవాళ్ళయితే బాచి. పేరు ముందు, వరస వెనక, అచ్చం మన సుశీలత్తయ్య, రాజుబాబాయిలాగా. ఇంకో విచిత్రం విను. వాళ్ళకీ ఇంటిపేరే ముందు, అసలు పేరు తర్వాత. వాళ్ళ మాటలు కూడా మనలాగే తోకలు తగిలించుకుంటాయి. హాజ్ అంటే ఇల్లు, హాజ్‌బన్ అంటే ఇంట్లో. ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు ఈ "ఇన్"లూ "ఆన్"లూ ముందు పెట్టడానికి నేను పడ్డ పాట్లు నేని వాళ్ళమ్మ కూడా పడిందట. ఆ సంగతి తెలిశాక నేనికి నామీద కోపం సగం తగ్గింది.

ఆ చెక్కతో చేసేది చిగా. చిగా అంటే నత్త. మైదా, గుడ్లు తప్ప నీటిచుక్క కూడా లేకుండా పిండి గట్టిగా కలిపి, వెనక చెయ్యి కనిపించేంత పల్చగా ఒత్తి, గోరంత చదరాలుగా కోస్తారు. ఒక్కో చదరాన్ని గీతల చెక్క మీద మూలవాటంగా పెట్టి, పుల్లని దాని మీద ఆనించి ఒక్క దొర్లు దొర్లిస్తే నత్తగుల్లలాగా చుట్టుకుని వస్తుంది, ఒంటినిండా గీతలతో. వాటిని తెల్లగుడ్డ మీద ఆరబెట్టి ప్యాకెట్లు కట్టి అమ్ముతారు. పెళ్ళిళ్ళలో కోడి సూప్‌లో ఇవి లేకపోతే పెళ్ళి చేసినట్టే కాదట. మా అమ్మమ్మ తెనాలిలో నులకమంచం మీద పంచె పరిచి చేతిసేమ్యాలు ఆరబెట్టేది, నీకు చెప్పాను కదా. అదే ఎండ వాసన, అదే వేళ్ళనొప్పి. మొదటి గురువారం మూడు గంటలు కూర్చుని నేను చేసినవి గుప్పెడు. అందులో సగం నేని ఏరి పక్కన పెట్టేసింది. మాట్లాడకుండా ఏరుతుంది చూడూ, అదీ ఒళ్ళు మండేది. ముప్పై రెండేళ్ళు నర్సుగా చేశాను, నా చేతిపనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పంతం పట్టి మళ్ళీ గురువారం వెళ్ళాను. తర్వాత ఇంక మానలేదు.

ఆ బల్ల దగ్గర ఏడెనిమిది మంది కూర్చుంటారు. అందరిలో చిన్నదానికి అరవై నాలుగు. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. వాళ్ళలో ఎక్కువమంది తాతలు 1914 యుద్ధానికి ముందు వచ్చినవాళ్ళు, సబోల్చ్, జెంప్లేన్ అని ఈశాన్య జిల్లాల రైతుకూలీలు. ఉండిపోదామని రాలేదట. నాలుగేళ్ళు గనిలోనో మిల్లులోనో పనిచేసి, డబ్బు కూడబెట్టి, ఊళ్ళో పొలం కొనుక్కుందామని వచ్చారు. మీ నాన్న వాళ్ళ ముత్తాత కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళింది కూడా రెండెకరాల కోసమే. వీళ్ళలో ఒంటరి మగాళ్ళు పది పదిహేనుమంది ఒకే ఇంట్లో ఉండేవారు. దాన్ని బుర్‌దోష్ ఇల్లు అనేవారు. "బోర్డర్" అన్న ఇంగ్లీష్ మాటే వాళ్ళ నోట్లో అలా అయింది. పగలు షిఫ్ట్ వాడు లేచిన మంచంలో రాత్రి షిఫ్ట్ వాడు పడుకునేవాడు. ఇంటావిడ అందరికీ వండి, బట్టలుతికి, వాళ్ళ వీపులు కూడా రుద్దేదని ఒకావిడ చెప్పి పకపకా నవ్వింది. మీ నాన్న 1998లో ఓక్ ట్రీ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఆరుగురితో ఉన్నప్పటి కథలు నేను చెప్పాను. వీపు రుద్దేవాళ్ళు లేరన్నాను.

గనిలో మనిషి పోతే వాళ్ళని చూసే దిక్కు ఉండేది కాదు. అందుకని మొదట సంఘాలు పెట్టుకున్నారు. నెలకి ఇంత వేసుకుంటే, జబ్బు చేస్తే ఇంత, పోతే పాతిపెట్టడానికి ఇంత. పెన్సిల్వేనియాలో హేజిల్‌టన్ అనే గనుల ఊళ్ళో 1886లో పదముగ్గురు కార్మికులు అలాంటి సంఘం ఒకటి పెట్టారు. అది పేరు మార్చుకుని ఇప్పటికీ ఉంది. మొట్టమొదటి హంగేరియన్ రిఫార్మ్‌డ్ సంఘాల్లో ఒకటి క్లీవ్‌లాండ్‌లో 1891 ప్రాంతంలో లేచింది. చాలా ఊళ్ళలో ముందు చావుల చందా, తర్వాత గుడి. మన సంఘం మొదలైంది కూడా ఒక కుర్రాడి శవాన్ని హైదరాబాద్ పంపడానికి చేసిన వసూళ్ళతోనే. నీకప్పుడు నాలుగేళ్ళు.

ఫిబ్రవరిలో వాళ్ళ సర్వసభ్య సమావేశం. నేను వంటింట్లో ఫాంక్‌లు వేయిస్తున్నాను. ఫాంక్ అంటే లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాసకాలం) మొదలయ్యే ముందు రోజుల్లో చేసుకునే డోనట్, మధ్యలో కన్నం ఉండదు, ఆప్రికాట్ జామ్‌తో తింటారు. తలుపు తీసే ఉంది కాబట్టి అంతా వినపడింది. బాయిలర్ బాగుచేయించిన బిల్లు చదివితే నిట్టూర్పులు. జాబితాలో నూరుమంది పైన, ఆదివారం వచ్చేది పాతిక ముప్పై. అసలు గొడవ భాష దగ్గర వచ్చింది. ప్రతి ఆదివారం హంగేరియన్‌లో అవసరమా, నెలకి రెండుసార్లు చాలదా అని. ఒక బాచి లేచి తన శవం లేచాకే హంగేరియన్ తీయండన్నాడు. ఆయన కూతురే వెనక వరసలోంచి లేచి, "నాన్నా, నీ మనవళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు, వాళ్ళని ఎన్నేళ్ళు బొమ్మల్లా కూర్చోబెట్టమంటావు?" అంది. ఎవరూ మాట్లాడలేదు. నూనె చిటపటలాడటం ఒక్కటే. చివరికి వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. కమిటీలు ఎక్కడైనా కమిటీలే.

మార్చి 15 వాళ్ళకి పెద్దరోజు. 1848లో పెస్ట్ నగరంలో తిరుగుబాటు మొదలైన రోజు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రిబ్బను పువ్వు ఎడమవైపు గుండె మీద పెట్టుకుంటారు, కొకార్డా అంటారు. పెతోఫీ అనే కవి ఆ రోజుల్లో రాసిన పద్యం పిల్లలచేత చెప్పించడం ఆచారం. ఈసారి నేని మనవడిని నిలబెట్టారు. పదిహేనేళ్ళవాడు, నా భుజానికి రెండింతలుంటాడు. నెలంతా ఫోన్‌లో విని బట్టీపట్టాడట. బాగానే మొదలుపెట్టాడు. మూడో చరణంలో ఏదో మాట తప్పాడు. ఏం తప్పాడో నాకేం తెలుస్తుంది, కానీ ముందువరసలో ముసలివాళ్ళు ఒక్కసారి ఘొల్లుమన్నారు. చెడ్డ నవ్వు కాదు, ముద్దుకి నవ్వే నవ్వు. నేని అందరికంటే గట్టిగా నవ్వి, కూర్చున్న చోటునుంచే సరైన మాట అందించింది. వాడు చెవులదాకా ఎర్రబడి, మిగతాది గబగబా అప్పజెప్పేసి దిగిపోయాడు. ఆ కొకార్డా తీసి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. తర్వాత నెలల తరబడి చర్చిలో కనపడలేదు. వాడి తల్లి ఫుట్‌బాల్ ప్రాక్టీస్ అంది.

ఈస్టర్ మర్నాడు ఒక తమాషా ఉంది. మగపిల్లలు ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చిన్న పద్యం చెప్పి నీళ్ళు చల్లాలి, లేకపోతే వాళ్ళు వాడిపోతారట. ఊళ్ళల్లో అయితే బకెట్లతోనే పోసేవారు, ఇక్కడ సెంటు చల్లుతారు. బదులుగా ఎర్రగుడ్డు ఇస్తారు. మన పెళ్ళిళ్ళలో వసంతాలు గుర్తొచ్చాయి. చల్లడానికి కుర్రాళ్ళు లేక ఎనభై ఏళ్ళ బాచి ఒక్కడే సీసా పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు. నామీద కూడా చల్లాడు. మూడు రోజులు వదల్లేదు ఆ వాసన, మీ నాన్న ముక్కు మూసుకున్నారు.

జూన్ మొదటి శనివారం న్యూబ్రన్‌స్విక్‌లో హంగేరియన్ పండుగ, 1976 నుంచీ జరుగుతోంది. సోమర్‌సెట్ స్ట్రీట్ మూసేసి అంగళ్ళు పెడతారు. మావాళ్ళ అంగడిలో (చూశావా, "మావాళ్ళు" అనేశాను) నాది లాంగోష్ మీద వెల్లుల్లి నీళ్ళు రాసే పని. లాంగోష్ అంటే మన బటూరాకి అన్నయ్య. పక్కనే కుర్తోష్ కలాచ్, పిండిని తాడులాగా గుండ్రటి చెక్కకి చుట్టి, చక్కెర పూసి, నిప్పుల మీద తిప్పి కాలుస్తారు, గొట్టంలాగా ఊడి వస్తుంది. దానికి ఉన్న క్యూ చర్చిలో ఎన్నడూ చూడలేదు. పెద్ద పెద్ద బండ్లలో వచ్చి, చిగా పది ప్యాకెట్లు కొని, "మా నానమ్మ మీ చర్చే" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. నేని చిల్లర ఇస్తూ ప్రతివాళ్ళనీ "ఆదివారం పదకొండింటికి" అంది. వాళ్ళు నవ్వారు.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వీధులన్నీ వీళ్ళవే. జాన్సన్ అండ్ జాన్సన్‌లో ఎంతమంది పనిచేసేవాళ్ళంటే ఆ ఫ్యాక్టరీని "హంగేరియన్ యూనివర్సిటీ" అని పిలిచేవారట. ఇప్పుడు ఆ వీధుల్లో స్పానిష్ బోర్డులు. పండుగ రోజు ఒక మెక్సికన్ తల్లి పిల్లాడిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి డాన్సు చూస్తోంది, వాడు కాళ్ళాడిస్తున్నాడు. నేని వెళ్ళి వాడి చేతిలో కలాచ్ ముక్క పెట్టి వచ్చింది. నేని వాళ్ళ నాన్న కొన్న మొదటి ఇల్లు అదేనట.

నేని వచ్చింది 1956లో. అక్టోబర్ 23న బుడాపెస్ట్‌లో జనం లేచారు, నవంబర్ 4న రష్యన్ ట్యాంకులు దిగాయి, రెండు లక్షలమంది దాకా దేశం వదిలిపోయారు. నేనికి ఎనిమిదేళ్ళు. రాత్రిపూట బురదలో నడిచి ఆస్ట్రియా సరిహద్దు దాటారు. తమ్ముడు ఏడవకుండా నిద్రమందు పట్టారట. అమెరికాలో దిగాక తీసుకొచ్చి పెట్టిన చోటు ఏదో తెలుసా? క్యాంప్ కిల్మర్. నువ్వు నాలుగేళ్ళు బస్సెక్కి దిగిన లివింగ్‌స్టన్ క్యాంపస్ ఉంది చూడూ, ఆ నేలే. యుద్ధకాలంలో సైనికుల్ని ఓడలెక్కించడానికి కట్టిన శిబిరం అది. 1956 నవంబర్ నుంచి కొన్ని నెలల్లో ముప్పై వేలమందికి పైగా హంగేరియన్లు దాని గుండా వెళ్ళారు. నువ్వు పిజ్జా తిన్న చోట నేని జీవితంలో మొదటిసారి అరటిపండు తింది. తొక్కతో సహా కొరికిందట. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఇప్పటికీ అరటిపండు ఒలిచేటప్పుడు నవ్వుకుంటుంది.

జులై గురించి రాయడానికేం లేదు. ఇద్దరు పోయారు. భూస్థాపనలో శవపేటిక మీద డబ్బాలోంచి తీసి ఇంత మట్టి చల్లారు, ఊరినుంచి తెచ్చి దాచుకున్నది. డబ్బా అడుగున ఇంకా కొంచెమే ఉంది.

ఆగస్టు చివర కొత్తరొట్టె ఆదివారం. కొత్త గోధుమల రొట్టెతో ప్రభు బల్ల. మనం నెలనెలా తీసుకుంటాం కానీ వాళ్ళ పాత పద్ధతిలో ఏడాదికి ఆరేసార్లు. క్రిస్మస్, లెంట్ మొదలు, ఈస్టర్, పెంతెకొస్తు, కొత్తరొట్టె, కొత్తద్రాక్షరసం. బల్ల చుట్టూ నిలబడి నిజం రొట్టె, పెద్ద ముక్కే తీసుకుంటారు. ఆ రోజు 90వ కీర్తన పాడారు. తరతరాలుగా దేవుడే మా ఇల్లు అంటుందే, అది. మోషే పేరున ఉన్న కీర్తన. అది వాళ్ళకి జాతీయగీతం లాంటిది, 1607లో వాళ్ళ భాషలోకి వచ్చిందట. స్వరం చాలా నిదానంగా, బరువు మోస్తున్నట్టు సాగుతుంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల చురుకు లేదు. అయినా దేశం దాటి, మళ్ళీ దేశం దాటిన మనుషులు పాతికమంది నిలబడి ఇల్లు గురించి పాడుతుంటే వెనక నిలబడ్డ నాకు గొంతు పట్టేసింది.

ఆ వారమే పాస్టర్‌గారి గదిలో నీళ్ళు కారి పుస్తకాలు ఆరబెట్టాల్సి వచ్చింది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు రాసే పెద్ద పుస్తకం ఉంది. దాని పేరుకి అర్థం తల్లిపుస్తకం అట. అన్య అంటే తల్లి. ఆ మాట నాకెంత నచ్చిందో. చెయ్యి తిరిగిన రాతలో ఒక్కొక్కరి పేరు, పుట్టిన ఊరు, జిల్లా. మొదటి పేజీల్లో ఒక్క ఆదివారమే నాలుగైదు బాప్తిస్మాలు. నేను ఒక్కో పేజీ మధ్య బ్లాటింగ్ కాగితం పెట్టుకుంటూ పోతున్నాను. ఒకచోట చెయ్యి ఆగింది. చావుల పట్టీలో ఆఖరి గడిలో ఒకే మాట పైనుంచి కిందదాకా వరసగా ఉంది. అడిగితే న్యుమోనియా అంది నేని. తారీఖు చూశాను. 1918 అక్టోబర్, స్పానిష్ ఫ్లూ రోజులు. ఇరవై నాలుగు, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ఆరు నెలలు. 2020 ఏప్రిల్‌లో మా వార్డు బోర్డు మీద నేను చెరిపి రాసిన వయసులు కళ్ళముందుకొచ్చాయి. కాసేపు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. గుడి ముందు చెక్కిన చెక్కస్తంభం ఉంటుంది చూడు, కొప్యఫ, వాళ్ళ ఊళ్ళలో సమాధుల మీద పెట్టేది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేని కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఏం అడగలేదు.

ఈ ఏడాది పేజీలో అయిదు చావులు, ఒక బాప్తిస్మం. ఆ పాప వాళ్ళు ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన కొత్త జంట. అది ఇప్పుడు రొమేనియాలో ఉంది, 1920 ఒప్పందంలో హంగేరీ మూడింట రెండువంతుల నేల పోగొట్టుకుంది కదా, అందులో పోయిన ముక్క. ఆ కుర్రాడు ట్రక్ నడుపుతాడు. పాపకి తల్లి హంగేరియన్‌లోనే జోలపాడుతుంది.

అక్టోబర్‌లో ద్రాక్షకోతల డాన్సు. హాలు పైకప్పుకి తాళ్ళు కట్టి ద్రాక్షగుత్తులు వేలాడదీస్తారు. డాన్సు చేస్తూ దొంగతనంగా తెంపాలి. కాపలావాళ్ళకి దొరికితే జరిమానా, ఆ డబ్బు చర్చికి. మన కోతపండుగ వేలంలో గుమ్మడికాయకి రెండువందల డాలర్లు పెట్టే అంకుల్ ఉన్నారు కదా, ఆయన్ని తీసుకెళ్ళాను. కావాలనే పదిసార్లు దొరికారు. కిటికీ పాపం అలా కడుక్కున్నారనుకో.

అక్టోబర్ 23న మధ్యలో గుండ్రంగా కన్నం ఉన్న జెండా పట్టుకుంటారు. 1956లో జెండా నడుమ ఉన్న కమ్యూనిస్టు గుర్తుని కత్తిరించేశారు, ఆ కన్నమే గుర్తయిపోయింది. జెండా ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. నేని మనవడిని పిలిచారు, రానన్నాడు. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ నేని నాతో అంది. "వాడి తల్లిని చూసి నవ్వాను. వాడిని చూసీ నవ్వాను. మా హంగేరియన్ మీద మరక పడకూడదని." ఇంగ్లీష్‌లోనే అంది, చేతులు నీళ్ళలోనే ఉన్నాయి.

ఊళ్ళు మారిపోవడం, బయటివాళ్ళతో పెళ్ళిళ్ళు, దూరం ఉద్యోగాలు, ఇవన్నీ ఉన్నాయి. నవ్వు ఒక్కదానివల్లే పిల్లలు పోయారని నేననను. కానీ ఆ మాట విన్నాక ఇంటికి కారు నడుపుతుంటే నాకు నువ్వు కనపడ్డావు.

నీకు పన్నెండేళ్ళు. ఆకుపచ్చ పరికిణీ. మన ఆరాధనలో 23వ కీర్తన చదవమన్నారు. మనబడిలో నేర్చుకున్న అక్షరాలు వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివావు. "పచ్చికగల చోట్ల" అని ఉంటే "పచ్చడిగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అన్నావు. పచ్చిక అనే మాట నువ్వెక్కడ వింటావు? పచ్చడి రోజూ తింటావు. హాలంతా పడీపడీ నవ్వింది. నేను కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. అంతటితో ఊరుకున్నానా? పదేళ్ళపాటు ప్రతి విందులో, ప్రతి ఫోన్‌లో, గుంటూరు వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మ ముందు, మేనత్తల ముందు చెప్పాను. నువ్వు కూడా నవ్వేదానివి. నవ్వుతున్నావు కదా అని చెప్పాను. ఆ తర్వాత నువ్వు ఒక్కసారైనా తెలుగులో పైకి చదివావా? నేను లెక్కపెట్టి చూసుకున్నాను. లేదు. అమ్మమ్మతో ఫోన్‌లో కూడా "బాగున్నాను" తప్ప మాట రాకుండా పోయింది. మనబడి మానేస్తానంటే హోంవర్క్ ఎక్కువైందనుకున్నాను.

చదువుకోసం మానేశావో, నావల్లే మానేశావో నువ్వే చెప్పాలి. నావల్లయితే, తప్పు నాది. ఇది ఫోన్‌లో చెప్పడం చేతకాకే ఇంత ఉత్తరం.

మా అమ్మ పనిచేసిన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మ పెన్సిల్వేనియా నుంచి 1883లో వచ్చింది. ఆవిడ తెలుగు మొదట్లో ఎలా ఉండి ఉంటుంది? రోగులు నవ్వే ఉంటారు. కానీ నొప్పి ఎక్కడో చెప్పుకోవడం మానలేదు.

ఇరవై ఏళ్ళకి ఎవరొస్తారో నాకు తెలీదు. రమ్మని రాయట్లేదు కూడా. మొన్న 24 రాత్రి జరిగింది చెప్పి ఆపేస్తాను.

డిసెంబర్ అంతా గసగసాల రొట్టెలు, వాల్‌నట్ రొట్టెలు, బెయ్‌గ్లి అంటారు, వందల్లో చుట్టాం. కోల్‌బాస్‌లు, అంటే సాసేజ్‌లు చేసే రోజు మాంసం యంత్రం తిప్పడానికి చేతిబలం కావాలని నేని మనవడికి మెసేజ్ పెట్టించింది. వచ్చాడు. రోజంతా యంత్రం తిప్పాడు, ఒంటినిండా మిరపపొడి, వెల్లుల్లి. ఇంగ్లీష్‌లోనే మాట్లాడాడు, నేని కూడా ఇంగ్లీష్‌లోనే జవాబిచ్చింది. ఇంటికెళ్ళేటప్పుడు వాడే పాస్టర్‌గారిని ఏదో అడిగాడు.

క్రిస్మస్ ముందురాత్రి కొవ్వొత్తులు వెలిగించాక లూకా సువార్త చదవడానికి వాడు లేచాడు. హంగేరియన్‌లో. ఫోన్ చూసి చదువుతున్నాడు. నేను నేని పక్కన కూర్చున్నాను. రెండో వచనంలోనే తడబడ్డాడు, నాకే తెలిసిపోయింది. నేని నా మణికట్టు పట్టుకుంది. తర్వాత ఇంకోచోట, ఇంకోచోట. తప్పొచ్చినప్పుడల్లా పట్టు బిగుస్తోంది, నోరు మాత్రం తెరవలేదు. ముందువరస బాచి ఒకసారి మెడ తిప్పబోతే వెనకనుంచి ఎవరో ఆయన భుజం మీద చెయ్యి వేశారు. గొర్రెల కాపరుల దగ్గరకొచ్చేసరికి వాడు ఆగి, ఊపిరి తీసుకుని, ఫోన్ కొంచెం దగ్గరగా పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. అయిపోయాక చూస్తే నా చేతిమీద నాలుగు వేళ్ళ గుర్తులు.

పార్సిల్ పంపుతున్నా. అందులో చిగా రెండు ప్యాకెట్లు ఉన్నాయి. నున్నగా ఒక్కలాగా ఉన్నవి నేనివి, వంకర తిరిగినవి నావి. ఉప్పునీళ్ళు మరిగాక వేసి, మెత్తబడగానే దించు, గుజ్జు చేయకు. కోడి సూప్‌లో తప్ప వేయకూడదని నేని ఆర్డర్. మీ నాన్న మిరియాల చారులో వేసుకుని రెండు గిన్నెలు తాగారు. ఆవిడకి చెప్పకు.

అమ్మ